పడితే పూర్ణాలు

కాకినాడలో పిల్లలు కిందపడటం మానేసి చాలా ఏళ్ళయింది. పరుగులు మానలేదు, గెంతులు మానలేదు, గోడలెక్కడం అసలే మానలేదు. పడటం ఒక్కటే మానేశారు. సాయంత్రం బడి వదిలితే చాలు, ఏ వీధి చూసినా గోలే. ఇంట్లో ఫోన్లు పట్టుకుని గుడ్లప్పగించి కూర్చునే పిల్లలు కనపడటం లేదు. "ఒరే, దెబ్బలు తగులుతాయిరా" అని వాకిట్లో నిలబడి గొంతు చించుకునే తల్లులు ఇప్పుడు లోపల ఫ్యాను కింద కూర్చుని నిమ్మళంగా టీ తాగుతున్నారు. మనవల మోకాళ్ళకి పసుపు అద్దే పని లేక మామ్మలకే ఏమీ తోచడం లేదు.

దీనికంతటికీ కారణం హైమవతి. ఆవిడ తయారుచేసిన తోడుచొక్కా.

అది చూడ్డానికి మామూలు బనీనులాగే ఉంటుంది. దానికే మోకాళ్ళ దాకా నిక్కరు కలిపి కుట్టి ఉంటుంది. పిల్లవాడు పరిగెడుతుంటే కాలు మడతపడిందనుకోండి, వాడికి తెలిసేలోపే చొక్కాకి తెలిసిపోతుంది. నేతలో కలిపి నేసిన సన్నటి తీగలు ఒళ్ళు ఎటు తూలుతోందో పసిగట్టి, నడుము దగ్గరా మోకాళ్ళ దగ్గరా పట్టీలని బిగిస్తాయి. వాడు నిలదొక్కుకుంటాడు. మరీ వేగం మీద ఉంటే చొక్కా వాణ్ణి మెల్లగా నేలమీద కూర్చోబెడుతుంది. వాడు లేచి మళ్ళీ పరుగు అందుకుంటాడు. కబడ్డీ ఆడే పిల్లలైతే దీనికి తగ్గట్టు రూలే మార్చేసుకున్నారు. చొక్కా ఎవర్ని కూర్చోబెడితే వాళ్ళు అవుట్.

హైమవతి చిన్నప్పుడు ఆవిడ అన్నయ్య జామచెట్టు మీంచి పడి చెయ్యి విరగ్గొట్టుకున్నాడు. అది కాస్తా వంకరగా అతుక్కుంది. ఆ రోజునుంచీ వాళ్ళమ్మ ఇద్దరినీ గుమ్మం దాటనివ్వలేదు. వీధిలో పిల్లలు ఆడుతుంటే కిటికీ ఊచలు పట్టుకుని చూడటమే హైమ ఆడిన ఆట. ఆ కిటికీ మీద కోపంతోనే చదువంతా చదివింది. పిల్లల కదలికల మీద పరిశోధన చేసే ప్రయోగశాలలో ఉద్యోగం వచ్చాక ఆవిడకి పట్టుకున్న పని అదొక్కటే: పిల్లలు వీధిలోకి రావాలి, తల్లులకి భయం ఉండకూడదు. ఏళ్ళు పట్టింది గానీ సాధించింది. మొట్టమొదటి చొక్కా తొడిగింది తన కూతురు ఇందుమతికే. అప్పుడు దానికి నాలుగేళ్ళు. ఇప్పుడు పదకొండు. చొక్కాలు పొట్టయిపోతుంటే కొత్తవి మారుస్తూ వచ్చారు తప్ప, తోడు లేకుండా ఇందు ఒక్కరోజు కూడా వీధిలోకి వెళ్ళలేదు.

ఇంట్లో ఇంకా ఇద్దరు. భర్త సత్యకిరణ్ సముద్రంలో చమురు తవ్వే రిగ్గు మీద ఇంజనీరు. సగం నెల నీళ్ళ మీద, సగం నెల ఇంట్లో. అత్తగారు సుందరమ్మ మాత్రం నెలంతా వంటింట్లోనే. పిల్లల ముచ్చట్లన్నీ పిండివంటల్లో కొలిచే మనిషి ఆవిడ. ఇందు బోర్లా పడ్డప్పుడు బొబ్బట్లు పంచింది. కూర్చున్నప్పుడు కుడుములు. అడుగులేసినప్పుడు నేలమీద అరిసెలు పరిచి, వాటిమీద నడిపించి, వీధి వీధంతా ఇచ్చి వచ్చింది. మాటలు వచ్చినప్పుడు పంచదార చిలకలు. ఆ తర్వాత పంచడానికి ఇంకేం ముచ్చట్లు మిగల్లేదని ఆవిడకి కొంచెం దిగులు.

ఒక ఆదివారం పొద్దున్న ఇందుకి తలంటారు. తోడుచొక్కా ఉతికి దండెం మీద ఆరేశారు. తడిజుట్టుకి తువ్వాలు చుట్టుకుని ఇందు మడతమంచం మీద కూర్చుని ఉంటే వీధిలోంచి "ఇందూ, జట్లు కట్టేస్తున్నాం, వస్తావా రావా?" అని కేక వినపడింది. పిల్ల ఒక్క ఉరుకు ఉరికింది. గడప కాలికి తగిలింది.

హైమ అక్కడే పేపరు చదువుకుంటోంది. కూతురు పడటం కళ్ళారా చూసింది. చూసి కూడా నమ్మలేకపోయింది. ఇందు చేతులు రెండూ ఒంటికి ఆనించుకునే ఉన్నాయి. మొహంలో భయం లేదు. నించున్న మనిషి నించున్నట్టే నిలువునా వెళ్ళి గడప అవతలి గచ్చుమీద పడింది. గడ్డం చిట్లి రక్తం వచ్చింది.

హైమ పరుగెత్తుకెళ్ళి లేవదీసి ఒళ్ళో కూర్చోబెట్టుకుంది. పిల్ల వెంటనే ఏడవలేదు. అయోమయంగా తల్లి మొహంలోకి చూసింది.

"అమ్మా, తోడు పట్టుకోలేదేంటి?"

"ఒంటిమీద లేదు కదమ్మా."

"అవును కదా" అంది ఇందు, అప్పుడు ఏడ్చింది.

సుందరమ్మ వంటింట్లోంచి పసుపు డబ్బా పట్టుకుని వచ్చి, ముందు గడపని అరచేత్తో రెండు దెబ్బలు వేసింది. "నా మనవరాలినే పడేస్తావా? ఉండు నీ పని చెప్తా" అంది. ఇందుకి పదకొండేళ్ళని ఆవిడకి తెలుసు. అయినా మనసాగదు.

గడ్డానికి కుట్లు వేయించుకుని ఇంటికొచ్చాక హైమ కూతురి చేతులు రెండూ తిప్పి తిప్పి చూసింది. అరచేతుల మీద ఒక్క గీత కూడా లేదు. దుమ్మయినా అంటలేదు. దానికి సంతోషించాలో భయపడాలో ఆవిడకి తెలియలేదు.

మర్నాడు ప్రయోగశాలలో తనతో పనిచేసే పేర్రాజుకి చెప్పింది. పేర్రాజు చొక్కాలో పట్టీల సంగతి చూసుకునే ఇంజనీరు. ఎప్పుడూ నవ్వు మొహమే గానీ, ఈ మాట విని నవ్వలేదు.

"చేతులు పెట్టలేదాండి?"

"అస్సలు."

"మన పిల్లలందర్నీ ఓసారి చూద్దావండి" అన్నాడు.

తోడు వేసుకునే పిల్లలు కొలతలకని ప్రతి శనివారం తల్లులతో సహా అక్కడికి వస్తారు. వచ్చిన పిల్లలకి కాజాలు పెడతారు కాబట్టి పిలవనక్కర్లేదు. అక్కడ మోకాలి లోతు స్పాంజి నింపిన గొయ్యి ఒకటి ఉంది. దాని అంచున చిన్న బల్ల ఉంటుంది. మీట నొక్కితే ఆ బల్ల పక్కకి జరుగుతుంది. నిలబడ్డవాళ్ళు స్పాంజిలో పడతారు. చొక్కా ఎలా పట్టుకుంటోందో చూడటానికి కట్టిందది. ఆ శనివారం మాత్రం పిల్లల్ని చొక్కాలు విప్పి నిలబడమన్నారు. తల్లులు దగ్గరుండి చూశారు. మొదట పిల్లలు ఒప్పుకోలేదు. విప్పాక కూడా ఒకరి భుజాలు ఒకరు పట్టుకుని నిలబడ్డారు.

బల్ల జరిగింది. మొదటి పిల్ల చేతులు ఒంటికి ఆనించుకుని మొహం కిందకి పెట్టి స్పాంజిలో కూరుకుపోయింది. లేచి పకపకా నవ్వింది. రెండోవాడూ అంతే. ఆ తర్వాతి వాళ్ళూ అంతే. అది చూసి తల్లులు కూడా నవ్వారు. పిల్లలకిదొక ఆటయిపోయి మళ్ళీ మళ్ళీ పడతామని వరసలో నిలబడ్డారు. ఒక్కడంటే ఒక్కడు కూడా చెయ్యి చాపలేదు.

పేర్రాజు మేనల్లుడు పండు కూడా కాజాల కోసం వచ్చాడు. చొక్కా వేసుకుంటే చెమటకాయలు వస్తున్నాయని వాళ్ళమ్మ వాడికి మొదటి వారంలోనే మాన్పించేసింది. వాణ్ణీ ఎక్కించారు. బల్ల ఇంకా పూర్తిగా జరగనే లేదు, వాడి రెండు చేతులూ ముందుకొచ్చేశాయి. అరచేతుల మీద ఆని, పక్కకి దొర్లి, "మావయ్యా, చెప్పకుండా లాగేత్తావేంటి?" అని కోప్పడ్డాడు.

పిల్లలంతా వెళ్ళిపోయాక హైమ గొయ్యి అంచున కూర్చుండిపోయింది. పడేటప్పుడు చేతులు చాపమని ఎవరూ ఎవరికీ నేర్పరు. పడుతూ ఉంటే ఒంటికి అదే అలవాటవుతుంది. చాపే అవసరమే రానివ్వకపోతే వచ్చిన అలవాటు కూడా పోతుంది. ఆ అవసరం రానివ్వనిది తనే.

"పదకొండేళ్ళది కాబట్టి గడ్డంతో పోయింది పేర్రాజుగారూ. రేపు పెద్దదవుతుంది, పెళ్ళయి పిల్లలు పుడతారు. అప్పుడూ చొక్కా వేసుకుని తిరుగుతుందా? మెట్లు దిగుతుంటే, వానలో కాలు జారితే, దాన్ని ఎవరు పట్టుకుంటారు?"

"ఊళ్ళో చెప్పేద్దావాండి మరి?"

"చెప్పాలి. కానీ మందు లేకుండా జబ్బు పేరు ఒక్కటే చెబితే ఏమవుతుంది? సగం మంది తల్లులు ఇంక స్నానానికి కూడా చొక్కా విప్పనివ్వరు. మిగతా సగం మంది చొక్కా తీసేసి తలుపులు వేసేస్తారు. మళ్ళీ కిటికీలు, మళ్ళీ ఫోన్లు."

ఇద్దరూ చాలాసేపు ఆలోచించారు. చొక్కా అన్నిటినీ పట్టుకోకుండా ఉండాలి. తల పగిలేలా పడితే పట్టుకోవాలి, మోకాలు గీరుకునేలా పడితే వదిలెయ్యాలి. పేర్రాజు పట్టీలని వదులు చేసే పద్ధతి కనిపెట్టాడు. లెక్కలు కుదిరాయి, బొమ్మల మీద పరీక్షలు కూడా కుదిరాయి. ఇంక కావలసింది ఒక పిల్ల. పై అధికారి అంతా విని, "మా పిల్లని కాస్త పడెయ్యండి అని మీ దగ్గరికి ఎవరొస్తారండీ?" అన్నాడు.

"మా పిల్ల ఉంది" అంది హైమ.

ఈలోగా ఇంట్లో ఇందు తీరు మారిపోయింది. కుట్లు విప్పినా గడ్డం తడుముకుంటూనే ఉంది. తోడు లేకుండా మంచం దిగడం మానేసింది. స్నానాల గదిలో మామ్మ చెయ్యి పట్టుకుని నిలబడుతోంది. జట్టులో అందరికన్నా ముందు కూతకి వెళ్ళే పిల్ల, ఇప్పుడు గడప దాటాలంటే ఒక్క క్షణం ఆగి కాలు ఎత్తి పెడుతోంది. ఆ ఆగడం చూస్తే హైమకి తన చిన్నతనం గుర్తొచ్చేది. ఒకప్పుడు కిటికీ దగ్గర నిలబడ్డ పిల్ల కూడా అలాగే ఉండేది.

ఇక్కడ హైమ ఒక పొరపాటు చేసింది. చొక్కా వదులు చేస్తున్నానని కూతురికి చెప్పలేదు. చెబితే భయపడుతుంది, చెప్పకపోతే ఒళ్ళు తనంతట తను నేర్చుకుంటుంది అనుకుంది. కళ్ళు మూసి మందు తాగించే తల్లుల ఆలోచనే ఇది. చొక్కా ఉతికి ఆరేసే వంకన తీసుకెళ్ళి, పేర్రాజు చేత పట్టీలు వదులు చేయించి, ఇస్త్రీ చేసి తెచ్చి ఇచ్చింది.

రెండ్రోజుల తర్వాత బడి నుంచి ఆటల టీచరు గ్రేస్‌మణి ఫోన్ చేసింది. "మేడంగారూ, ఇందుకి దెబ్బ పెద్దదేం కాదండి. మోకాలు కొద్దిగా గీరుకుంది. కానీ గ్రౌండ్ మధ్యలో కూర్చుండిపోయిందండి. ఎంత పిలిచినా లేవట్లేదు. మీరొకసారి రావాలి."

హైమ వెళ్ళేసరికి పిల్లలందరూ చుట్టూ మూగి ఉన్నారు. మధ్యలో ఇందు మోకాళ్ళు కావలించుకుని కూర్చుంది. తల్లిని చూడగానే పెదవి వంకర తిరిగింది.

"నేనేం తప్పు చేశానమ్మా? తోడు నన్ను వదిలేసింది."

కూతుర్ని ఎత్తుకుందామంటే ఎత్తుకునే వయసు దాటిపోయింది. పక్కన మట్టిలోనే చతికిలబడి, చెయ్యి పట్టుకుని ఉన్న నిజం చెప్పేసింది. చొక్కా వదల్లేదనీ, తనే వదిలించిందనీ, ఎందుకో కూడా చెప్పింది. ఇందు అంతా విన్నది. తర్వాత లేచి, తల్లి చెయ్యి పట్టుకోకుండా, ఒక్కో అడుగే వేసుకుంటూ ఇంటికి నడిచింది.

ఆ వారమంతా తల్లితో మాట్లాడలేదు. అవసరమైనవన్నీ మామ్మ ద్వారానే కబురు. ఒకే బల్ల దగ్గర కూర్చుని, "మామ్మా, పెరుగు ఇటు జరపమని మీ కోడలికి చెప్పు" అనేది. సుందరమ్మ ఇటు తిరిగి, "అమ్మాయ్, పెరుగు జరపాలిట" అనేది. హైమ జరిపేది. సత్యకిరణ్ రిగ్గు మీంచి ఫోన్ చేసి ఇద్దరి మాటలూ విని, చివరికి, "మీ ఇద్దరికంటే ఇక్కడి సముద్రమే నయం. కోపమొస్తే వెంటనే అరిచి ఊరుకుంటుంది" అన్నాడు. హైమకి నవ్వు రాలేదు. కూతురు మాట్లాడకపోతే ఇల్లంతా బోసిగా ఉంది.

శనివారం మధ్యాహ్నం ఇందు తనంతట తనే వచ్చి ఎదురుగా నిలబడింది.

"నువ్వెప్పుడైనా పడ్డావా?"

హైమ ఆలోచించింది. ఎంత వెతుక్కున్నా ఒక్కటీ గుర్తుకు రాలేదు. "లేదమ్మా. మా అమ్మ నన్ను బయటికి పంపేది కాదు కదా."

"మరి నీకే తెలీని పని నన్ను చెయ్యమంటావేంటి? ముందు నువ్వు పడి చూపించు."

ఆ సాయంత్రం ముగ్గురూ బీచికి వెళ్ళారు. జనం పలచగా ఉన్న చోట, తడి ఆరిన ఇసకలో సుందరమ్మ అందరి చెప్పులూ ముందేసుకుని కూర్చుంది. హైమ చీర కొంగు నడుముకి బిగించి నిలబడింది. పిల్లలు పడటం గురించి ఈ దేశంలో ఆవిడకి తెలిసినంత ఎవరికీ తెలియదని పేపర్లు రాశాయి. ఎంత వేగంలో ఏ ఎముక మీద ఎంత బరువు పడుతుందో నిద్రలో అడిగినా చెప్పగలదు. అంత మనిషికీ ఆ ఇసకలో ఒళ్ళు ముందుకు వదలడం చేతకాలేదు. వంగింది, ఆగింది. మళ్ళీ వంగింది, కాలు ముందుకేసి నిలదొక్కుకుంది. ఒళ్ళంతా చెమట పట్టింది.

"ఏంటే హైమా, స్తంభంలా నిలబడ్డావు? కానీ మరి" అంది సుందరమ్మ.

"రావట్లేదత్తయ్యగారూ."

ఇందు తల్లి దగ్గరకొచ్చి మొహంలోకి చూసింది. వారం రోజుల కోపం ఆ చూపులో కరిగిపోయింది. "నీక్కూడా భయమేనా?" అంది నెమ్మదిగా.

"చాలా."

ఆ మాట అంటూనే హైమకి ఒక సంగతి తోచింది, కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. తన అమ్మ కిటికీ ఊచల వెనక తనని దాచింది. తను ఆ ఊచలు ఊడబీకి పారేశాననుకుంది. పారెయ్యలేదు. సన్నగా తీగలు తీసి కూతురి చొక్కాలో నేసింది. ఇద్దరు తల్లులదీ ప్రేమే. ఇద్దరి పిల్లలకీ పడటం రాలేదు.

"ఇద్దరం కలిసి పడదామా?" అంది ఇందు.

"నీ తోడు?"

ఇందు కాస్త ఆలోచించి, లోపలున్న చొక్కా మెడ దగ్గర పట్టుకుంది. "దీన్ని ఎంత వదలాలో నువ్వు చెప్పద్దు. పేర్రాజు మావయ్యా చెప్పద్దు. నేను చెప్తాను. ఇక్కడొక తాడు పెట్టు. ఓసారి లాగితే కొంచెం వదలాలి. ఇంకోసారి లాగితే ఇంకొంచెం. భయమేస్తే మళ్ళీ బిగించేసుకుంటాను."

లెక్కలన్నీ సరిచూసుకున్న ఇద్దరు ఇంజనీర్లకీ ఆ తాడు తట్టలేదు. "అలాగే పెడతాను" అంది హైమ.

ఇద్దరూ చేతులు పట్టుకుని, ఒకటి, రెండు, మూడు అనుకుని, ముందుకి ఒరిగారు. హైమ కళ్ళు గట్టిగా మూసుకుంది. నోట్లోకి ఇసక వెళ్ళింది, ముక్కు గీరుకుంది, మోచెయ్యి కలుక్కుమంది. లేచి చూస్తే సుందరమ్మ పొట్ట పట్టుకుని నవ్వుతోంది, ఇందు అంతకంటే నవ్వుతోంది. హైమ మళ్ళీ నిలబడింది. ఆ సాయంత్రం ఎన్నిసార్లు పడ్డారో ఎవరూ లెక్కపెట్టలేదు. చీకటిపడేవేళకి హైమ అరచేతులు ముందుకు రావడం నేర్చుకున్నాయి. ఇందువి ఇంకా సగం దాకానే వచ్చేవి.

పేర్రాజు తాడు కుట్టాడు. "ఇంత చిన్న తాడు కోసం మనం ఎన్ని రాత్రులు బుర్రలు బద్దలుకొట్టుకున్నావండి. ఆయ్, పిల్లల్ని ముందే అడిగితే పోయేది" అన్నాడు. ఇందు ఆ తాడుని మొదటి వారం ఒక్కసారి లాగింది, భయమేసి మళ్ళీ బిగించింది. తర్వాత లాగి వదిలేసింది. ఇంట్లో ఎవరూ అడగలేదు. అడగకుండా ఉండటం హైమకి ఎంత కష్టమైందో ఆవిడకే తెలుసు. గుమ్మం దాకా వెళ్ళి, నోటిదాకా వచ్చిన "జాగ్రత్త" అనే మాటని మింగి, వెనక్కి వచ్చేసేది.

ఆ నెల చివర పక్క బడివాళ్ళతో కబడ్డీ పెట్టారు. సత్యకిరణ్ ఇంట్లో ఉండే సగం నెల అది. ముగ్గురూ వెళ్ళి గ్రౌండు గట్టుమీద కూర్చున్నారు. ఆట మొదలయ్యే ముందు ఇందు కోర్టు మధ్యకి వచ్చి ఇటు చూసింది. తల్లికి కనపడేలా మెడ దగ్గర చెయ్యి పెట్టి, తాడు చివరిదాకా లాగింది. ఇంక చొక్కా తలనీ మెడనీ తప్ప దేన్నీ పట్టుకోదు.

హైమ గట్టుమీద చీర అంచు నలిపేస్తోంది.

ఇందు కూతకి వెళ్ళింది. అవతలి జట్టులో పొడుగాటి పిల్లని ముట్టుకుని వెనక్కి తిరగబోతుంటే ఇంకో పిల్ల వచ్చి కాలి చీలమండ దొరకబుచ్చుకుంది. ఇన్నాళ్ళూ అయితే ఇక్కడ చొక్కా మెల్లగా కూర్చోబెట్టేది, ఆట అయిపోయేది. ఇవాళ ఎవరూ కూర్చోబెట్టలేదు. ఇందు ఒళ్ళు గీత వైపు ఒరిగింది. చేతులు ఒంటికి ఆనుకుని ఉన్నాయి. హైమ లేచి నిలబడింది. ఆవిడ చేతులే ముందుకి చాపుకుని ఉన్నాయని సత్యకిరణ్ తర్వాత చెప్పాడు.

నేలకి జానెడు ఎత్తులో ఇందు రెండు చేతులూ ముందుకొచ్చాయి. అరచేతులు మట్టిలో జరజరా జారుతూ పోయాయి. కూత ఆగలేదు. కుడిచేతి వేళ్ళు గీతకి తగిలాయి.

గ్రేస్‌మణి టీచరు విజిల్ ఊదింది. ఈ వైపు పిల్లలంతా ఒక్కసారి కేరింతలు కొట్టారు. ఇందు లేవలేదు. బోర్లా పడుకునే తల ఎత్తి, తన చేతుల్ని తనే చూసుకుంది. అవి ఎక్కణ్ణించి వచ్చాయో తెలియనట్టు చూసుకుంది. ఆ తర్వాత లేచి, గ్రౌండంతా దాటి గట్టు దగ్గరికి పరిగెత్తుకొచ్చింది. ఆట మధ్యలో రాకూడదని టీచరు కేకేసినా ఆగలేదు.

"అమ్మా, చూడు" అని రెండు అరచేతులూ తెరిచి పట్టుకుంది.

చర్మం లేచిపోయి, మట్టి కొట్టుకుని, అక్కడక్కడా ఎర్రగా రక్తం ఊరి ఉంది. చూస్తే ఏ తల్లికైనా ప్రాణం ఉసూరుమంటుంది. హైమ ఆ రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకుని, మట్టితో సహా కళ్ళకద్దుకుంది. తన పరిశోధనకి వచ్చిన ఏ బహుమతినీ ఆవిడ అలా కళ్ళకద్దుకోలేదు.

"మండుతోందా?"

"చాలా" అంది ఇందు. మొహం మాత్రం వెలిగిపోతోంది. "వెళ్ళనా? ఇంకా ఆట ఉంది."

"వెళ్ళు."

ఆట పోయింది. పక్క బడివాళ్ళే గెలిచారు. ఆ సంగతి ఇంటికొచ్చేదాకా వీళ్ళలో ఎవరికీ గుర్తురాలేదు. వచ్చే నెలనుంచి అన్ని చొక్కాలకీ తాడు కుట్టడానికి పై అధికారి ఒప్పుకున్నాడు. తల్లులందరినీ పిలిచి హైమే స్వయంగా ఉన్నదున్నట్టు చెప్పాలి. కొందరు తిడతారు. అందుకు ఆవిడ సిద్ధంగానే ఉంది. కూతుర్ని పక్కన కూర్చోబెట్టుకుని, ఆ అరచేతులు చూపించి చెబుతుంది.

మర్నాడు పొద్దున్నే ఇల్లంతా నేతి వాసన. హైమ లేచి వంటింట్లోకి వెళ్ళేసరికి సుందరమ్మ పెద్ద బాణలి ముందు కూర్చుని ఉంది. పక్కన పళ్ళెం నిండా బంగారు రంగులో వేడివేడి పూర్ణం బూరెలు.

"ఇవాళ పండగేం లేదే అత్తయ్యగారూ?"

"అడుగులకి అరిసెలు పంచాం, మాటలకి చిలకలు పంచాం. పడటానికి ఏం పంచాలో మా అత్తగారు నాకు చెప్పలేదు. రాత్రంతా ఆలోచించాను."

"బోర్లా పడ్డప్పుడు బొబ్బట్లు చేశారు కదా?"

"అది తిరగటమే, పడటం కాదు" అంది సుందరమ్మ, బాణలిలో ఇంకొకటి జారవిడుస్తూ. "పడితే పూర్ణాలు. మనం బూరెలనే అంటాం అనుకో, అలా అంటేనే వినడానికి బాగుంది. రేపు నీ తాళ్ళు ఊరంతా కుట్టాక ప్రతి ఇంట్లోనూ చేసుకుంటారు. ముందు మనం మొదలెట్టాం, అంతే."

స్టీలు డబ్బా నింపి ఇందుకి ఇద్దామంటే, అరచేతులకి రాసిన మందు ఇంకా ఆరలేదు. అందుకని డబ్బా హైమ పట్టుకుంది, ముందు సుందరమ్మ నడిచింది, వెనక ఇందు గడప దాటింది. ఆగకుండా దాటింది. హైమ అది చూసింది.

ఎదురింటి వరహాలమ్మ ముగ్గు వేస్తూ తలెత్తింది. ఆకులో పెట్టిన వేడి పూర్ణాలు అందుకుని, ఇందు వైపూ హైమ వైపూ మార్చి మార్చి చూసింది. "ఏంటండీ సుందరమ్మగారూ, ఏదో శుభవార్తే. మనవరాలికి ఫస్టు మార్కులొచ్చాయా?"

సుందరమ్మ పైట సర్దుకుంది. వీధి మొత్తానికీ వినపడేంత గొంతుతో, అడుగులేసిన రోజున చెప్పినంత గర్వంగా చెప్పింది.

"మా మనవరాలు పడిందమ్మా."